ఎడమ కాలి బండి

ఎడమ కాలితో స్టార్ట్ చేసే మోటారు సైకిలు ఎక్కడైనా దొరుకుతుందా అని రేపల్లెలో ఒక మనిషి అడుగుతున్నాడన్న కబురు నాకు మొదట తెచ్చింది చేపల పెద్దమ్మ. రేపల్లె నుంచి పొద్దున పాసింజరులో తెనాలి వచ్చి, గంప నెత్తిన పెట్టుకుని మా వీధులన్నీ తిరిగి, గంప ఖాళీ అయ్యాక మా షెడ్డు నీడన కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళేది. ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ పెద్దమ్మే. ఆ రోజు చెంబు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంటూ, మామూలు మాటలాగే అనేసింది.

"ఏమ్మా, మీ వెర్రిబండికి మొగుడు దొరికినట్టున్నాడే!"

షోరూముల్లో చల్లటి గదుల్లో నిలబడి బళ్ళు అమ్ముతున్న అమ్మాయిలను ఇప్పుడు చూస్తుంటే నాకు సంతోషంగా ఉంటుంది. మీకోసమే ఇది రాస్తున్నాను. మీరు చేసే పనే నేనూ తెనాలిలో ముప్పై ఏళ్ళ పైన చేశాను. మాకు చల్లటి గది లేదు. రేకుల షెడ్డు, గ్రీజు మరకల నేల, గోడకు ఆంజనేయస్వామి పటం. కొత్త బళ్ళు కూడా కావు. ఒకరు వాడినవి కొని, బాగుచేసి, ఇంకొకరికి అమ్మడం మా పని. నా చేతుల మీదుగా ఎన్ని బళ్ళు వెళ్ళాయో నాకే గుర్తులేదు. మొదటిది మాత్రం చక్రాల పుల్లలతో సహా కళ్ళకు కట్టినట్టుంది.

నేను బడి గుమ్మం ఎక్కినదాన్ని కాను. మా నాన్న సాయంత్రం పూట వసారాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆడపిల్లకు పారాయణం చేసుకునేపాటి చదువు చాలని ఆయన అభిప్రాయం. మిగతా చదువు మా వారి దగ్గర అయింది. ఆయన మధ్యాహ్నం భోజనం షెడ్డులోనే. క్యారియరు తీసుకెళ్ళి, ఆయన తినేదాకా కూర్చుని, పక్కన ఇంజను చప్పుడు వింటూ, "ఇదేంటండీ, దగ్గుతోంది?" అని అడిగేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అన్నం కలుపుతూనే చెప్పేవారు. అలా వినీ వినీ, దగ్గే బండికీ ఆయాసపడే బండికీ తేడా నా చెవికి తెలిసిపోయింది. ఆ చెవి ఇచ్చిన దేవుడికీ, విసుక్కోని ఆ మనిషికీ నేను ఈ రోజుకీ ఋణపడే ఉన్నాను.

ఇక బండి సంగతి. బాపట్లలో ఉండే, ఓడల మీద ఇంజనీరుగా పనిచేసే ఒకాయన, అరవైల చివర్లో, ఇటలీ నుంచి ఒక మోటారు సైకిలు మద్రాసు రేవులో దింపుకుని తెచ్చుకున్నారు. పందేలకు చేసిన బండి అది. ఎర్రటి ట్యాంకు. మనిషి బోర్లా పడుకుని పట్టుకోవలసినంత కిందికి వంగిన హ్యాండిలు. ఒక్కరికే సరిపోయే సీటు. ఆయన బాపట్ల నుంచి సముద్రం వైపు దాన్ని తోలుకువెళితే జీడిమామిడి తోటల్లో పిట్టలన్నీ ఒక్కసారి లేచేవట. తర్వాత ఆయన మళ్ళీ ఓడ ఎక్కవలసి వచ్చి, కాగితాలతో సహా దాన్ని మా వారికి అమ్మేశారు.

మా షెడ్డులో పనిచేసేది ఇద్దరు. ఒకరు పెద్ద మేస్త్రి, తెనాలి సాయిబుగారు, యుద్ధం నాటి మిలిటరీ బళ్ళ మీద పని నేర్చినవారు. రెండోవాడు ఆయన అల్లుడు, వెల్డింగు పని. మా వారూ మేస్త్రిగారూ కలిసి ఆ ఇటలీ బండిని మన ఊళ్ళకు పనికొచ్చేలా మార్చాలని కూర్చున్నారు. వంగిన హ్యాండిలు తీసేసి నిటారుగా ఉండేది పెట్టారు. రేగడి మట్టి ఇరుక్కోకుండా ముందు మడ్‌గార్డు పైకి లేపారు. వెనక చక్రానికి పళ్ళు ఎక్కువున్న గొలుసు చక్రం వేసి, వేగం తగ్గించి లాగుడు పెంచారు. సీటు పొడుగు చేశారు. భార్యాభర్తలు వెళ్ళే బండి కదా అని ఎడమవైపు చీర గార్డు బిగించారు.

అక్కడే వచ్చింది తంటా. ఆ బండి కిక్కు ఎడమవైపు ఉంది. మన బళ్ళన్నిటికీ కుడివైపు ఉంటుంది. చీర గార్డు అలవాటు కొద్దీ ఎడమవైపు బిగించేశారు. గార్డు బిగించడం పూర్తయి, మా వారు గర్వంగా కిక్కు కొడితే అది సగం దిగి "టంగ్" మని గార్డుకు తగిలి ఆగిపోయింది. మేస్త్రిగారు గడ్డం నిమురుకుంటూ చాలాసేపు చూసి, "మనమిద్దరం కలిసి దీని కాలు కట్టేశామండీ" అన్నారు. ఆ రోజంతా షెడ్డులో నవ్వులే. చివరికి గార్డును మధ్యలో కోసి దారి చేశారు. కోసిన గార్డుతో బండి ఎలుకలు కొట్టిన చాపలా కనిపించేది.

ఆ నవ్వులైన కొద్ది రోజులకే మా వారికి జ్వరం వచ్చింది. తగ్గినట్టే తగ్గి ఆయన్ని తీసుకుపోయింది.

పెద్దకర్మ అయ్యాక మా బావగారు, మా వారి అన్నగారు, నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. షెడ్డు స్థలం ఉమ్మడిది. ఎరువుల వ్యాపారి ఒకాయన దాన్ని గోడౌనుకు అద్దెకు అడుగుతున్నాడు.

"అమ్మాయీ, నెలనెలా అద్దె వస్తుంది. నువ్వు ఇంటిపట్టున పూజ చేసుకుంటూ హాయిగా ఉండొచ్చు" అన్నారు.

"మేస్త్రిగారూ, వాళ్ళ అల్లుడూ ఏమవుతారు బావగారూ?"

"ఇంకో షెడ్డు చూసుకుంటారు."

"నేను నడుపుతానండీ."

ఆయన నా మొహంలోకి చూశారు. కోపంగా కాదు, ఎండలో తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు. "బళ్ళు కొనడానికి మగవాళ్ళొస్తారు. నీ ఎదురుగా నిలబడి బేరమాడతారు. అమ్మగలవా?"

"ఆయన వదిలివెళ్ళిన ఇటలీ బండి అమ్మి చూపిస్తానండీ."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. అప్పటికే మా బజారులో ఆ బండి పేరు చెబితే నవ్వేవాళ్ళు. బావగారు మేస్త్రిగారిని పిలిపించి, ఆయన ఎదుటే షరతు పెట్టారు. "ఉగాది లోపల అమ్ము. పాత ఇనుము కింద కాదు, నడిచే బండిగా అమ్మాలి. కొన్నవాడు తనే స్టార్ట్ చేసి, తనే ఎక్కి, మన గేటు దాటాలి. తోసుకుపోయినా, లారీలో వేసుకుపోయినా లెక్కలోకి రాదు. అలా జరిగితే షెడ్డు నీది. జరక్కపోతే ఉగాది నుంచి ఎరువుల బస్తాలు దిగుతాయి."

న్యాయమైన షరతే. కాకపోతే గెలిచే ఆశ తక్కువ.

మొదట అమృతలూరు నుంచి ఒక రైతు, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. బండి నచ్చింది. బేరం కుదిరింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నేను ఆచారం ప్రకారం ఎదురుపడకుండా షెడ్డు వెనక గదిలో తలుపు చాటున నిలబడ్డాను. అతను ఎక్కి, కుడికాలితో కిక్కు కోసం వెతుకుతున్నాడు.

"ఇటువైపండీ" అన్నారు మేస్త్రిగారు, ఎడమవైపు చూపిస్తూ.

ఆ తల్లి నోరు తెరిచింది. "ఏంటీ, ఎడమ కాలితో తన్నాలా?"

"అమ్మా, ఇటలీవాళ్ళు అలా చేశారు."

"ఇటలీవాళ్ళ ఇంట్లో ఏం చేసుకుంటారో మాకెందుకయ్యా? కోడల్ని కుడికాలు పెట్టించి తెచ్చుకున్నాం. బండిని ఎడమకాలితో తన్ని తెచ్చుకుంటామా? దిగరా నాయనా, దిగు!"

అతను దిగాడు. నిమ్మకాయలు చక్రాల కిందే ఉండిపోయాయి. పగిలిన కొబ్బరికాయ మాత్రం ఆవిడ తీసుకెళ్ళింది.

బాపట్ల నుంచి వచ్చిన ఇంకొకాయనకు ఎడమ కాలు పట్టింపు లేదు కానీ, కొట్టడం చేతకాక, రోడ్డు మీద నలుగురూ చూస్తుండగా బండితో సహా పక్కకు ఒరిగాడు. లేచి, చొక్కా దులుపుకుని, టీ తాగొస్తానని వెళ్ళినవాడు ఇంతవరకూ రాలేదు.

"మేస్త్రిగారూ, కిక్కును కుడివైపుకు మార్చలేమా?" అని అడిగాను.

"అమ్మా, గుండెకాయను కుడిపక్కకు మార్చమంటే డాక్టరు ఏం చెబుతాడు? మనిషి ఎడం పక్కనే పెట్టుకుని బతకాలంటాడు. ఇదీ అంతే" అన్నారాయన.

ఉగాది దగ్గరపడుతోంది. ఎరువుల వ్యాపారి ఒకసారి వచ్చి, మేస్త్రిగారు పనిచేస్తుండగానే గోడలు కొలుచుకుని వెళ్ళాడు. ఆ రోజు నేను ఆంజనేయస్వామి పటం ముందు దీపం పెట్టి ఏమీ అడగలేదు. ఊరికే నిలబడ్డాను. అలాంటి రోజుల్లోనే చేపల పెద్దమ్మ ఆ కబురు చెప్పింది.

"ఎవరు పెద్దమ్మా అతను?"

"మావోడేలే. నిజాంపట్నం రేవులో చేపల పాట పాడతాడు. పడవ ఒడ్డుకొచ్చాక వేలం వేస్తారు గందా, ఆ పాట. ఆడి గొంతు ఎత్తితే బేరగాళ్ళు చచ్చినట్టు ఇంకో రూపాయి ఎక్కించాల. పోయినేడు పడవకీ గట్టుకీ మజ్జెన కుడికాలు ఇరుక్కుపోయింది. ఎముక అతికింది గానీ మోకాలు వంగదు. అత్తోరిది రేపల్లె. ఆస్పత్రికి దగ్గరని ఆడే ఉంటున్నాడు. పొద్దున బస్సు ఎక్కి పోయేసరికి రేవులో పాట సగం అయిపోద్ది. ఇంకొకడు పాడేత్తన్నాడు. సైకిలు తొక్కలేడు. కుడికాలితో తన్నే బండి తన్నలేడు. అదీ సంగతి. మీ వెర్రిదాని గురించి చెప్పానమ్మా. కళ్ళు ఇంతేసి చేసుకున్నాడు."

మర్నాడే మేస్త్రిగారూ నేనూ పెద్దమ్మతో పాటు రేపల్లె రైలెక్కాం. పరాయి ఇంటికి బేరానికి వెళ్ళడం నాకదే మొదలు. రైల్లో అందరూ నన్నే చూస్తున్నారనిపించి, రేపల్లె వచ్చేదాకా మనసులో రామనామం అనుకుంటూ కూర్చున్నాను.

అతను వాకిట్లో నులకమంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి. భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను బండి గుణాలు చెప్పడం మొదలుపెట్టాను. పాట పాడే మనిషి ఎదుట బేరం చెప్పడమంటే పంతులుగారికి అక్షరాలు చెప్పినట్టే ఉంది. మధ్యలోనే చెయ్యెత్తి ఆపాడు.

"అక్కా, గుణాలు తర్వాత. దాని రోగాలు చెప్పండి ముందు."

చెప్పేశాను. కోసిన చీర గార్డు, తగ్గించిన వేగం, విడిభాగాలు దొరకని సంగతి, అమృతలూరు ఆవిడ మాటలు, బాపట్ల ఆయన టీ. అతను విరగబడి నవ్వాడు. భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక అతని మొహం మారిపోయింది.

"ఎడమ కాలు మంచిది కాదంటే నేనేం చెయ్యాలక్కా? నాకు మిగిలింది అదేగా."

మేస్త్రిగారు లేచి వెళ్ళి అతని ముందు గొంతుక్కూర్చుని, "తమ్ముడూ, పాదం ఆడుతుందా?" అని అడిగారు. పాదం కాస్త ఆడుతుంది, బలం లేదు. మేస్త్రిగారు దిగాలుగా నా వైపు చూశారు. నాకూ అప్పుడే తట్టింది. ఆ బండికి బ్రేకు ఎడమ కాలికి ఉంది, బాగానే ఉంది. కానీ గేరు కుడికాలితోనే వెయ్యాలి.

"గేరు చేత్తో వేసే బళ్ళు ఉండేవని మా వారు చెప్పేవారండీ. మీరు పని నేర్చినవి అవే కదూ?" అన్నాను.

మేస్త్రిగారి కళ్ళు వెలిగాయి. "ఉండేవమ్మా! ట్యాంకు పక్కన కడ్డీ ఉండేది, చేత్తో వేసేవాళ్ళం. మర్చేపోయాను." అక్కడికక్కడే పుల్ల తీసుకుని వాకిట్లో మట్టి మీద బొమ్మ గీశారు. కాలు పెట్టే గేరు పలకకు ఒక కడ్డీ అతికించి, దాన్ని ట్యాంకు పక్కగా పైకి తీసుకువస్తే, ముందుకు నెడితే ఒక గేరు, వెనక్కు లాగితే ఇంకో గేరు. కుడికాలు చాచి పెట్టుకోవడానికి ఆనుడు కడ్డీ ముందుకు జరపాలి.

"వెనక పొడుగు సీటు వద్దులెండి. చీర గార్డు కూడా పీకేయండి. నా వెనక కూర్చునేది చేపల బుట్ట" అన్నాడతను.

"మరి నేనో?" అంది భార్య.

"నువ్వు బస్సులో రా. బస్సు మంచిది."

"బస్సు మంచిదైతే నీకు బండెందుకు?" అంది ఆవిడ. మొత్తానికి సీటు పొడుగుగానే ఉంచి, దాని వెనక బుట్టకు స్టాండు వేయాలని తేలింది.

తెనాలి వచ్చాక షెడ్డులో ఎంత పని జరిగిందో చెప్పలేను. అల్లుడు కడ్డీలు వంచడం, అతకడం, మేస్త్రిగారు చూసి పీకేయించడం, మళ్ళీ అతకడం. మొదటిసారి పెట్టిన కడ్డీ గేరు వేస్తే మోచేతికి తగిలేది. రెండోది బండి ఊగినప్పుడు దానంతట అదే గేరు మార్చేది. అల్లుడు విసిగిపోయి, "మామా, కాలు బాగుచేయడం దీనికన్నా తేలిక" అన్నాడు. మేస్త్రిగారు తన కుడి మోకాలుకు వెదురుబద్ద కట్టుకుని, కాలు వంగకుండా చేసుకుని, షెడ్డు చుట్టూ తోలి చూసేవారు. నమాజుకు వెళ్ళేటప్పుడు బద్ద విప్పి, రాగానే మళ్ళీ కట్టుకునేవారు. ఆ వయసులో ఆయన ఎన్నిసార్లు పడ్డారో, ఎన్నిసార్లు "ఏం లేదమ్మా" అన్నారో నాకు తెలుసు. అలాంటి మనుషుల మధ్య పనిచేసిన అదృష్టానికి నేను ఎవరికి దణ్ణం పెట్టుకోవాలి?

ఉగాది ఇంకా కొద్ది రోజులుందనగా, మంచిరోజు చూసుకుని అతను భార్యతో తెనాలి వచ్చాడు. పెద్దమ్మ గంప ఇంటి దగ్గరే వదిలేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. బావగారు కుర్చీ వేయించుకుని గేటు పక్కన కూర్చున్నారు. ఆయన పక్కనే ఎరువుల వ్యాపారి. అడ్వాన్సు జేబులో పెట్టుకునే వచ్చాడని అందరికీ తెలుసు. బజారు జనం సగం అక్కడే ఉన్నారు. ఎడమ కాలి బండి కదులుతుందంటే చూడరా మరి?

బండి కడిగి మెరిపించాం. అతని భార్య హ్యాండిలుకు పసుపు రాసి, ట్యాంకుకూ దీపానికీ, చివరికి కిక్కు కడ్డీకి కూడా కుంకుమ బొట్టు పెట్టింది. పూలదండ వేసింది. హారతి ఇచ్చింది. కొబ్బరికాయ రెండు చెక్కలుగా చక్కగా పగిలింది. నేను మామూలుగానే వెనక గది తలుపు చాటున ఉన్నాను.

అతను అందరిలా ఎడమవైపు నుంచి కాకుండా కుడివైపు నుంచి, వంగని కాలి మీద నిలబడి, మంచి కాలు బండి మీదుగా వేసి ఎక్కాడు. ఎక్కే ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఎడమ కాలు కిక్కు మీద పెట్టి కొట్టాడు. ఇంజను చిన్నగా మూలిగి ఊరుకుంది.

మళ్ళీ కొట్టాడు. అంతే.

జనంలో ఎవరో, "ఇటలీ నుంచి పెట్రోలు రావాలేమో!" అన్నారు. నవ్వులు. మేస్త్రిగారి అల్లుడు ముందుకు వెళ్ళబోతే మేస్త్రిగారు చెయ్యి పట్టి ఆపారు. "ఇక్కడ మనం కొడితే రేపు రేవులో ఎవరు కొడతారు?" అన్నారు. షరతు కూడా అదే కదా. అతనే కొట్టాలి.

నేను చెవి ఒగ్గి విన్నాను. ఇంజను దగ్గడం లేదు, ఆయాసపడడం లేదు. దానికి జబ్బు లేదు. దెబ్బ చాలడం లేదు, అంతే. అంత బలమైన మనిషి, ఎందుకు అంత మెత్తగా కొడుతున్నాడు? తలుపు సందులోంచి తొంగి చూశాను. అతను కిక్కు కొట్టిన ప్రతిసారీ వంగి, కాలు తగిలిన చోట వేళ్ళు ఆనించి, కళ్ళకు అద్దుకుంటున్నాడు.

నాకు అర్థమైంది. కుంకుమ పెట్టి, దండ వేసి, హారతి ఇచ్చిన వస్తువది. దాన్ని కాలితో తన్నడానికి అతనికి మనసు రావడం లేదు. అందులోనూ ఎడమ కాలితో. నేను అతని చోట ఉన్నా నా కాలూ లేచేది కాదు.

ఎరువుల వ్యాపారి గడియారం చూసుకున్నాడు. బావగారు కదలలేదు.

నేను తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

ఆ రోజుల్లో నా పరిస్థితిలో ఉన్న ఆడది శుభకార్యం మధ్యలోకి రావడమంటే ఏంటో మీ నాయనమ్మలను అడగండి. నవ్వులు ఆగిపోయాయి. "అయ్యో, ఈవిడేంటి, ఇప్పుడు..." అని ఎవరో అనడం వినిపించింది. బండి దాకా వెళ్ళాను. అతను తలెత్తి, ఎవరికీ వినబడకుండా, "తన్నబుద్ధి కావట్లేదక్కా. దేవుడిలా ఉంది" అన్నాడు.

"నాకు తెలుసయ్యా" అన్నాను. "పొద్దున మంచం దిగేటప్పుడు ఏం చేస్తావు? భూదేవికి దణ్ణం పెట్టి, తల్లీ, నీ మీద కాలు మోపుతున్నాను, తప్పు కాయమని అడిగేగా దిగుతావు? అడిగాక ఇంక ఆవిడ మీద మెత్తగా నడుస్తావా? పరిగెత్తవూ?"

అతను చూస్తున్నాడు.

"ఇదీ అంతే. నీ తరఫున నేను అడుగుతాను." వంగి, ఆ కిక్కు కడ్డీని చేత్తో తాకి, కళ్ళకు అద్దుకున్నాను. కుంకుమ నా వేళ్ళకు అంటింది. "అడిగేశాను. ఒప్పుకుంది. ఇక ఇది నీ కాలు విరిచిన ఆ పడవ గట్టే అనుకుని తన్ను!"

అతని భార్య నా పక్కకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ కుంకుమ చేతినే పట్టుకుంది. "కొట్టు మావా, అక్క అడిగేసిందిగా!" అని అరిచింది.

అతను పళ్ళు బిగించి లేచి, ఒంటి బరువంతా ఎడమ కాలి మీద వేసి దింపాడు.

ఆ చప్పుడు ఎలా చెప్పను! అంతకాలం బజారంతా నవ్విన బండి అది. రేకుల షెడ్డు మొత్తం మోగింది. వెనక నిలబడ్డవాళ్ళు పొగలోంచి తప్పుకున్నారు. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి, "కదిలిందిరా నా సామిరంగా!" అని గంతేసింది. మేస్త్రిగారు మాత్రం కళ్ళు మూసుకుని వింటున్నారు. అతను ట్యాంకు పక్క కడ్డీ ముందుకు నెట్టాడు. గేరు పడింది. వంగని కాలు ముందుకు చాపుకుని, దండ ఊగుతుండగా, గేటు దాటాడు. బజారు చివరిదాకా వెళ్ళి, కడ్డీ వెనక్కు లాగి, తిరిగి వచ్చి, మా ముందు నుంచే మళ్ళీ దూసుకుపోయాడు. ఈసారి వేలంపాట గొంతుతో పాడుతూ వెళ్ళాడు. "ఎర్రబండి ఒకటోసారి! ఎర్రబండి రెండోసారి!" జనం చప్పట్లు కొట్టారు. అంతకుముందు నవ్వినవాళ్ళే ఎక్కువ కొట్టారు.

అప్పుడు ఎరువుల వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, షరతు ప్రకారం కొన్నవాడు తనే కదా స్టార్ట్ చెయ్యాలి? మధ్యలో ఈవిడ వచ్చి చెయ్యి వేసింది. అది లెక్కకు రాదేమో చూడండి. పైగా శుభమా అని పూజ జరుగుతుంటే..."

ఆ మాటతో చప్పట్లు ఆగాయి. అందరూ బావగారి వైపు తిరిగారు. ఆయన ఆచారం గట్టిగా పాటించే మనిషి. నేను తలుపు దాటి రావడం ఆయనకు నచ్చి ఉండదని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అద్దె డబ్బులో సగం ఆయనది. మాట తిప్పడానికి దారి ఎదురుగా తెరిచి ఉంది. ఆయన తలూపితే చాలు.

బావగారు మెల్లగా లేచి, పైపంచె సర్దుకున్నారు.

"ఆ అమ్మాయి చేత్తో తాకింది. కాలితో కొట్టింది అతను. ఇంజను కాలికి లేచిందా, చేతికి లేచిందా? నా కళ్ళతో నేను చూశాను" అన్నారు. తర్వాత కుర్చీని ఒక చేత్తో ఎత్తి, గేటు పక్క నుంచి తెచ్చి, షెడ్డు మధ్యలో, మా వారు కూర్చునే చోట వేశారు. నా వైపు తిరిగి, "కూర్చో అమ్మాయీ. కాగితాల మీద సంతకం చేయాల్సింది నువ్వు" అన్నారు. వ్యాపారితో, "షెడ్డు అద్దెకు లేదండి. గోడౌను ఇంకోచోట చూసుకోండి" అన్నారు.

నేను కూర్చోలేకపోయాను. పెద్దమ్మ భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

ఆ పాటగాడు మర్నాడు బస్సు కంటే ముందే రేవు చేరాడనీ, పాట మొదటి నుంచి చివరి దాకా తనే పాడాడనీ పెద్దమ్మే వచ్చి చెప్పింది. తర్వాత చెరుకుపల్లి మీదుగా ఎప్పుడు తెనాలి వచ్చినా షెడ్డు ముందు ఆగి హారను మోగించేవాడు. అతన్ని చూసి అటువైపు నుంచి నా దగ్గరికి బళ్ళ కోసం వచ్చినవాళ్ళు ఎందరో. ఆ రోజు నుంచి మా షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. ముందు స్టార్ట్ చేయించి, ఆ తర్వాతే బొట్టు. కొన్నవాళ్ళ కాలూ ఆగదు, మనసూ బాధపడదు. చిన్న పద్ధతే గానీ, మీరు మీ షోరూముల్లో వాడుకోవచ్చు.

నేను గెలిచానని అందరూ అన్నారు. నిజమే, గెలిచాను. ఆ సంతోషం ఈ వయసులోనూ నన్ను వదల్లేదు. కానీ నా గెలుపుకు సాక్ష్యం చెప్పింది ఓడిన మనిషి. ఆ తర్వాత ఎవరైనా బండి కొని పూజకు సిద్ధమై, నన్ను చూసి తటపటాయిస్తే, బావగారే ముందుకు వచ్చేవారు. "మా అమ్మాయి చెయ్యి తగలందే మా షెడ్డు బండి గేటు దాటదండి, మీ ఇష్టం" అని గట్టిగా చెప్పేవారు. హారతి పళ్ళెం తనే తెచ్చి నా చేతికి ఇచ్చేవారు. ఆయన బతికినన్నాళ్ళూ అలాగే జరిగింది.

మేస్త్రిగారిని తెనాలిలో బండి పని తెలిసిన ప్రతివాడూ తలుచుకుంటాడు. పాటగాడిని రేవు తలుచుకుంటుంది. మా బావగారిని మాత్రం ఊళ్ళో వాళ్ళు చాదస్తపు మనిషి, పైసా రాల్చని మనిషి అని చెప్పుకుంటారు. అదీ అబద్ధం కాదు. కానీ అమ్మాయిలూ, మీరు బల్ల ముందు కూర్చుని మొదటి బండి కాగితాల మీద సంతకం చేసే రోజున, ఒక్క క్షణం ఆ పెద్దమనిషిని తలుచుకోండి. నాకోసం.